పావలా బిళ్ళ దగ్గర మొదలయ్యే గొలుసు

మా నాయనమ్మ ఇనప్పెట్టె అడుగున, పసుపు అంటిన గుడ్డమూటలో పాత చిల్లర ఉండేది. ఆవిడ పోయాక మూట విప్పితే పది పైసల బిళ్ళలూ, ఇరవై పైసల బిళ్ళలూ, నాలుగు పావలాలూ దొరికాయి. రాగీ నికెలూ కలిపి పోసిన పాత పావలాలు, అంచు చుట్టూ సన్నటి గాట్లున్నవి. ఆ నాలుగింట్లో ఒకటి ఇప్పుడు నా గిటార్ కేసులో ఉంటుంది. పదకొండేళ్ళుగా దాంతోనే వాయిస్తున్నాను.

ఈ అలవాటు నాకు బ్రిటన్ రాక్ బ్యాండు క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మేని చూసి వచ్చింది. తీగలు మీటడానికి అందరూ వాడే ప్లాస్టిక్ బిళ్ళ, అంటే పిక్, ఆయన వాడడు. బ్రిటన్‌లో ఒకప్పుడు చెలామణీలో ఉన్న సిక్స్‌పెన్స్ నాణెంతో మీటుతాడు. ఆ నాణేన్ని అక్కడ 1980లో రద్దు చేశారు. మన పావలా 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయింది. రెండూ సుమారు 19 మిల్లీమీటర్ల వెడల్పువే, రెండింటి లోహమూ రాగి, నికెల్ మిశ్రమమే, రెండింటికీ అంచున గాట్లున్నాయి. ఈ పోలిక తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

అంతకు ముందు తెలియక స్టీలు పావలాతో ప్రయత్నించాను, ఖడ్గమృగం బొమ్మ ఉండేదే, అది. ఆ స్టీలుని అయస్కాంతం లాగుతుంది. గిటార్ తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటు సంకేతంగా మార్చే పికప్ అంటే అయస్కాంతానికి సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన వస్తువు. జోరుగా మీటుతుంటే బిళ్ళ కిందికి లాగినట్టయ్యేది. ఒక రోజు వేళ్ళలోంచి జారి పికప్‌కే అతుక్కుపోయింది. నాయనమ్మ పావలాతో ఆ ఇబ్బంది లేదు.

నాణెంతో మీటడంలో ఏముంది అని అడిగేవాళ్ళకి నేను చేసి చూపిస్తాను. బిళ్ళ అంచుని తీగకి సమాంతరంగా పట్టుకుని మీటితే స్వరం నున్నగా, గంట కొట్టినట్టు వస్తుంది. అదే బిళ్ళని కాస్త వాలుగా తిప్పితే అంచు గాట్లు ఒక్కొక్కటే తీగ మీదుగా దొర్లుతాయి. స్వరం మొదట్లో చిన్న 'గ్ర్ర్' వినిపిస్తుంది, గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టినట్టు. పైగా ప్లాస్టిక్ పిక్ వంగుతుంది, నాణెం వంగదు. తీగ ఎంత బలంగా ఎదురు తిరుగుతోందో నేరుగా వేలికి తెలుస్తుంది. బ్రయాన్ మే నాణెం ఎంచుకోవడానికి కారణం ఇదే.

అయితే ఈ పావలా ఒక్కటే తీసుకెళ్ళి ఎవరి గిటార్ మీదో, ఎవరి యాంప్‌లోనో (గిటార్ సంకేతాన్ని పెంచి వినిపించే పెట్టె) వాయిస్తే వచ్చేది పెంకు మీద గీకినట్టుండే చప్పుడే. నేను చెప్పదలుచుకున్న విషయం ఇక్కడే మొదలవుతుంది.

గిటార్ సామాను గురించి మన కుర్రాళ్ళతో మాట్లాడితే రెండు వాదాలు వినిపిస్తాయి. ఒక వర్గం వాళ్ళు జాబితా పట్టుకుని తిరుగుతారు. ఫలానా గిటారిస్టు టూర్‌లో ఏ గిటార్, ఏ యాంప్, శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే ఏ పెడల్స్ వాడతాడో కంఠతా వచ్చు. అందులో ఒక్కొక్కటే వాయిదాల మీద కొంటారు. రెండో వర్గం వాళ్ళు పెద్దమనుషుల్లా నవ్వి, "అదంతా దండగ తమ్ముడూ, శబ్దం వేళ్ళలో ఉంటుంది" అంటారు. రెండోది వినడానికి గొప్పగా ఉంటుంది. నేను కూడా చాలా ఏళ్ళు అదే నమ్మాను, నాకన్నా చిన్నవాళ్ళకి అదే చెప్పాను. ఇప్పుడు రెండూ తప్పే అంటాను. టూర్లు తిరిగే రాక్ గిటారిస్టు సామాను వస్తువుల జాబితా కాదు, గొలుసు. ఒక్కో వస్తువు తన ముందున్న వస్తువుకి జవాబుగా వచ్చి చేరుతుంది. వేళ్ళు కూడా ఆ గొలుసులో ఒక కొక్కెమే. అన్నిటికన్నా ముఖ్యమైన కొక్కెమే అనుకోండి, కానీ ఒక్క కొక్కేన్ని గొలుసు అనరు కదా.

బ్రయాన్ మే కథలో ఈ గొలుసు చాలా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే మొదటి కొక్కేన్ని ఆయనే చేత్తో చేశాడు. 1963 ఆగస్టు, అప్పుడాయనకి 16 ఏళ్ళు. మంచి ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, చేతిపని బాగా తెలిసినవాడు. తండ్రీకొడుకులు కలిసి ఇంట్లోనే గిటార్ చెయ్యడం మొదలుపెట్టారు. రెండేళ్ళు పట్టింది. తెలిసినవాళ్ళు పారేయబోతున్న పాత నిప్పుగూడు చట్రంలోని మహాగనీ చెక్కతో మెడ చెక్కారు. నూరేళ్ళు దాటిన ఆ చెక్కలో పురుగు తొలిచిన కన్నాలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. మెడ మీద గుర్తులుగా పొదిగిన ముత్యపు చిప్ప గుండీలు తల్లి కుట్టుపెట్టెలోవి. తీగల్ని వదులుచేసి బిగించే ట్రెమొలో మీటకి కత్తి అంచులా సానబట్టిన ఉక్కు ముక్క, దాన్ని వెనక్కి లాగి పట్టడానికి పాత మోటార్ సైకిల్ ఇంజిన్ వాల్వుల స్ప్రింగులు రెండు. మీట చివర తొడుగు స్వెటర్లల్లే సూది ముక్క.

ఈ వివరాలు ముచ్చటగా ఉంటాయి కాబట్టి అందరూ ఇక్కడే ఆగిపోతారు. శబ్దానికి సంబంధించిన అసలు సంగతి గిటార్ లోపల ఉంది. ఒంటిలో ఖాళీ అరలు వదిలారు. యాంప్ శబ్దం గాలిలో వచ్చి ఆ ఒంటిని కదిలిస్తే తీగ దానంతటదే మోగుతూ ఉండాలని, అంటే ఫీడ్‌బ్యాక్ పాటలా పలకాలని వాళ్ళు ముందే అనుకుని చేశారు. పికప్‌లు మొదట తనే చుట్టుకున్నాడు. బాగానే మోగాయి గానీ తీగని పక్కకి లాగి స్వరం పెంచేటప్పుడు అక్కర్లేని చప్పుడు వచ్చేది. అయస్కాంతాల ధ్రువాలు అమర్చిన తీరు వల్ల వచ్చిన ఇబ్బంది అది. అప్పుడు బర్న్స్ కంపెనీ ట్రైసానిక్ పికప్‌లు మూడు కొని, అవి లోపల కదిలి కీచుమనకుండా అరాల్డైట్ పోసి బిగించాడు. ప్రతి పికప్‌కీ ఆన్, ఆఫ్ స్విచ్ ఒకటి, ఫేజ్ తిప్పే, అంటే సంకేతాన్ని తలకిందులు చేసే స్విచ్ ఒకటి. మామూలు మూడు పికప్‌ల గిటార్లలో పికప్‌లని సమాంతరంగా కలుపుతారు. ఈయన వరసగా, సిరీస్‌లో కలిపాడు. దాంతో శబ్దం బలంగా, చిక్కగా వస్తుంది. అలా వచ్చినప్పుడు పైస్థాయి మెరుపు కొంత తగ్గుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, గొలుసులో తర్వాతి కొక్కెం దీనికోసమే వస్తుంది.

ఆ తర్వాతి కొక్కెం ఆయనకి దొరికింది లండన్‌లోని మార్కీ క్లబ్‌లో. అప్పట్లో టేస్ట్ అనే ముగ్గురి బ్యాండులో రోరీ గాలహర్ వాయిస్తుండేవాడు. ఐర్లండ్‌లో కార్క్ నగరంలో పెరిగినవాడు, 1963లో 100 పౌండ్లకి కొన్న స్ట్రాటోకాస్టర్ గిటార్ రంగంతా చెమటకి ఊడిపోయినా జీవితాంతం దాన్ని వదలనివాడు. ఒక రాత్రి కచేరీ అయ్యాక బ్రయాన్ మే, ఒక స్నేహితుడు జనంతో పాటు బయటికి వెళ్ళకుండా లోపలే దాక్కున్నారట. రోరీ సామాను సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి ఆ శబ్దం ఎలా వస్తోందని అడిగారు. ఆయన దాపరికం లేకుండా చెప్పేశాడు: వాక్స్ ఏసీ 30 యాంప్, దాని మీద డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె, అంతే. ఈ సంగతి బ్రయాన్ మే ఎన్నో సార్లు కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఒక కళాకారుడు ఇంకో కుర్రాడికి అలా చేతిలో పెట్టినట్టు విద్య చెప్పడం నా దృష్టిలో ఆ శబ్దం కన్నా గొప్ప విషయం.

రేంజ్‌మాస్టర్ లోపల చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టర్, నాలుగైదు చిల్లర భాగాలు. లోపలికి వచ్చే దారిలో చాలా చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది మంద్రస్థాయిని చాలావరకు ఆపేస్తుంది. మిగిలిన పైస్థాయిని ట్రాన్సిస్టర్ బాగా పెంచి యాంప్‌లోకి తోస్తుంది. ఏసీ 30లో చివర ఈఎల్84 వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టాలు, నాలుగుంటాయి. వాటికి మోయగలిగినంత కన్నా ఎక్కువ సంకేతం ఇస్తే స్వరం ఒక్కసారిగా విరిగిపోదు, అంచులు గుండ్రంగా నలిగి తేనెలా సాగుతుంది. కానీ ఆ యాంప్‌ని పూర్తి వాల్యూమ్‌లో పెట్టి చిక్కటి గిటార్ శబ్దాన్ని ఉన్నదున్నట్టు లోపలికి పంపితే మంద్రం అంతా ముద్దయిపోతుంది, మూడు స్వరాలు కలిపి వాయిస్తే ఏది ఏదో తెలియదు. ముందే మంద్రాన్ని కోసేస్తే ముద్ద కాదు. అంటే రేంజ్‌మాస్టర్‌లాంటి ట్రెబుల్ బూస్టర్ (పైస్థాయిని పెంచే పెట్టె) పని శబ్దాన్ని పలచన చెయ్యడం కాదు, యాంప్ దాన్ని చిక్కగా చెయ్యబోతోందని తెలిసి ముందే చోటు ఇవ్వడం. గిటార్ చిక్కదనం, బూస్టర్ పదును, యాంప్ నలుపుడు, నాణెం గీత: నాలుగూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలియలేదు, దెబ్బ తిని తెలిసింది. ఇరవై ఏడేళ్ళ వయసులో నెలల తరబడి డబ్బు దాచి ఒక ట్రెబుల్ బూస్టర్ తెప్పించుకున్నాను. నా దగ్గరున్నది ట్రాన్సిస్టర్ యాంప్. వాల్వుల్లా నలిగే గుణం దానికి లేదు. ఇంటికి తెచ్చి తగిలించి మీటితే చెవి పక్కన దోమ వాయించినట్టుంది. మా చెల్లి వంటింట్లోంచి వచ్చి తలుపు వేసి పోయింది. ఆ రాత్రి నేను ఏడ్చినంత పని చేశాను.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు, మా నాన్నకి స్నేహితుడు. మర్నాడు అక్కడికి పట్టుకెళ్ళాను. మూత విప్పి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చూశాడు.

"ఇదేందిరా, మన పాత రేడియోలో మొదటి స్టేజి లెక్కనే ఉంది. దీని ముందర ఏం పెట్టినవ్?"

"ట్యూనర్ పెడల్ బాబాయ్."

"తీసెయ్. ఇది సీదా గిటార్‌నే చూడాలె. నడుమ ఇంకో డబ్బా ఉంటే దీనికి గిటార్ బరువు తెల్వది. ఇగ యాంప్‌ది వేరే ముచ్చట, వాల్వ్‌ది దొరికితే తీసుకురా, చూద్దాం."

ఆయన మాట అక్షరాలా నిజం. రేంజ్‌మాస్టర్‌లో వాడిన ఓసీ44 ట్రాన్సిస్టర్ అసలు రేడియోల కోసం పుట్టిందే. ఆ పెట్టె లోపలి నిరోధం తక్కువ, అది పికప్‌ని కాస్త భారంగా పట్టి లాగుతుంది. ఆ లాగుడు వల్లే కీచుదనం తగ్గి స్వరం గుండ్రంగా వస్తుంది. మధ్యలో బఫర్, అంటే ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ విడదీసే సర్క్యూట్, ఉన్న పెడల్ పెడితే ఆ బంధం తెగిపోతుంది. గొలుసు అని నేను ఎందుకంటున్నానో దీన్ని బట్టి చూడండి. అదే బూస్టర్, అదే గిటార్, అవే వేళ్ళు. క్రమం ఒక్కటి మారితే వేరే వాద్యం అయిపోయింది. ఆ తర్వాత మూడేళ్ళకి ఒక పాత 15 వాట్ల వాల్వ్ యాంప్ దొరికినప్పుడు అదే బూస్టర్ తగిలించి మొదటి స్వరం మీటాను. బాబాయ్ కుర్చీలోంచి లేచి నా భుజం తట్టాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆ దుకాణం ఉన్న చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

క్వీన్‌లో కూడా రేడియో కథ ఒకటుంది. 1970ల మొదట్లో బాస్ వాయించే జాన్ డీకన్ వీధి పక్క చెత్తలో దొరికిన ఒక సర్క్యూట్ బోర్డుని తీసుకొచ్చి, పాత స్పీకర్ పెట్టెలో బిగించి చిన్న యాంప్ తయారుచేశాడు. అది రేడియోలోంచి ఊడొచ్చిన బోర్డు. బ్యాటరీ మీద నడిచే ఆ పెట్టెతోనే బ్రయాన్ మే స్టూడియోలో వయొలిన్లలా, బాకాల్లా వినిపించే పొరలు పొరల గిటార్ భాగాలు రికార్డు చేశాడు.

వేళ్ళ వాదం వాళ్ళకి నా జవాబు ఏసీ 30 చరిత్రలోనే ఉంది. ఆ యాంప్‌ని ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్‌లో డిక్ డెన్నీ రూపొందించాడు. అంతకు ముందున్న 15 వాట్ల యాంప్ హ్యాంక్ మార్విన్ వాయించే షాడోస్ బ్యాండుకి సరిపోలేదు. అభిమానుల కేకల్లో గిటార్ వినిపించేది కాదు. అందుకని శక్తి రెట్టింపు చేశారు. హ్యాంక్ మార్విన్‌కి కావలసింది నలగని శబ్దం, నీళ్ళలా స్వచ్ఛమైనది, వెనక టేపు ఎకో. పదేళ్ళు తిరక్కుండానే బ్రయాన్ మే అదే యాంప్‌ని పూర్తిగా తిప్పి నలిపి పాడించాడు. ఇంకో పదేళ్ళకి యూటూ గిటారిస్టు ఎడ్జ్ 1964 నాటి ఏసీ 30 పట్టుకుని దాని ముందు డిలే యంత్రాలు పెట్టాడు. తను ఒక్క స్వరం మీటితే యంత్రం లయ తప్పకుండా మళ్ళీ మళ్ళీ పలుకుతుంది, తన మీటుడూ దాని పలుకూ అల్లుకుని ఒకే తాళం అవుతాయి. కోర్గ్ ఎస్‌డీడీ 3000 అనే డిలేని ఆయన ఎకో కోసమే కాదు, యాంప్‌ని ముందుకు తొయ్యడానికి కూడా వాడుకున్నాడు. ఆయన పిక్‌ని గమనించారా? పట్టు జారకుండా వేళ్ళకి ఆనాల్సిన గరుకు వైపుని తిప్పి, దాంతోనే తీగని మీటుతాడు. మొదట్లో చిన్న గీత పడుతుంది, డిలే ఆ గీతని కూడా లయలో కలిపి తిరిగి పలుకుతుంది. సిక్స్‌పెన్స్ గాట్లు చేసే పనికి దగ్గరి చుట్టమే.

ముగ్గురికీ యాంప్ ఒకటే. ముగ్గురివీ గొప్ప వేళ్ళే. మూడు శబ్దాలకీ పొంతన లేదు. వేళ్ళలోనే అంతా ఉంటే ఎడ్జ్ డిలే ఎందుకు మోస్తాడు? యాంప్‌లోనే అంతా ఉంటే ముగ్గురూ ఒకేలా ఎందుకు వినిపించరు?

స్టూడియోలో గొలుసు తెగితే మళ్ళీ కలుపుకోవచ్చు. టూర్‌లో ఆ వీలుండదు. రోజుకో ఊరు, రోజుకో కరెంటు, రోజుకో హాలు. బ్రిటన్‌లో 240 వోల్టుల మీద పెరిగిన యాంప్ అమెరికా వెళితే ఆ కరెంటు సగానికి పడిపోతుంది, దానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పూర్తి వాల్యూమ్‌లో రోజూ మరిగే వాల్వులు అరిగిపోతాయి. అందుకే టూర్ గిటారిస్టు పక్కన ఒక టెక్నీషియన్ ఉంటాడు. బ్రయాన్ మే దగ్గర పీట్ మలాండ్రోన్ చాలా ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. తీగ తెగితే క్షణాల్లో అందించడానికి ఇంకో గిటార్ సిద్ధంగా ఉండాలి. ఇంట్లో చేసిన ఒకే ఒక్క గిటార్‌కి జోడీ ఎక్కడ దొరుకుతుంది? ఆస్ట్రేలియాలో గ్రెగ్ ఫ్రయర్ అనే గిటార్ల శిల్పి నకళ్ళు మూడు చేశాడు, 1998లో అసలు గిటార్‌ని కూడా ఆయనే మరమ్మతు చేశాడు. ముప్పై ఏళ్ళు వేదికల మీద దెబ్బలు తిన్న చెక్కని విప్పి, కొలిచి, మళ్ళీ నిలబెట్టాడు. 2002 జూన్‌లో బకింగ్‌హమ్ రాజభవనం పైకప్పు మీద నిలబడి బ్రయాన్ మే బ్రిటన్ జాతీయ గీతం వాయించింది ఆ గిటార్ మీదే. శబ్దమంతా వేళ్ళలోనే ఉందన్నవాళ్ళు ఇలాంటి మనుషుల శ్రమని ఒక్క మాటతో తుడిచేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అందుకే.

వేదిక మీద ఆయన యాంప్‌లు గోడలా పేర్చి కనిపిస్తాయి. శబ్దం వెళ్ళేది మాత్రం మూడు దారుల్లో. దీని వెనక కారణం 1970ల నాటి ఆయన సోలోల్లో ఉంది. అప్పుడు ఎకోప్లెక్స్ అనే టేపు యంత్రాలు రెండు వాడేవాడు. అందులో టేపు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఒక హెడ్ దగ్గర స్వరం రికార్డవుతుంది, కొంచెం దూరంలో ఉన్న ఇంకో హెడ్ దగ్గర అదే స్వరం పలుకుతుంది. రెండు హెడ్‌ల మధ్య దూరమే ఆలస్యం. అది ఆయనకి చాలలేదు, హెడ్ జరిగే పట్టాని పొడిగించి ఆలస్యం పెంచుకున్నాడు. తను ఒక వరస వాయిస్తాడు, అది తిరిగి వచ్చేసరికి దాని మీద సరిపోయే ఇంకో వరస, రెండూ తిరిగి వచ్చేసరికి మూడోది. ఒక్క మనిషి ముగ్గురై పాడతాడు. ఇక్కడ కిటుకు ఏమిటంటే ఈ మూడు గొంతుల్నీ ఒకే యాంప్‌లో పోయకూడదు. బాగా నలుగుతున్న యాంప్‌లో మూడు స్వరాలు కలిస్తే అవి ఒకదాన్నొకటి కొరుక్కుని బురద అవుతుంది. అందుకని అసలు స్వరం నడిమి యాంప్‌కి, ఒక ఎకో ఎడమ వైపు యాంప్‌కి, రెండోది కుడి వైపుకి. ఒక్కో యాంప్‌కి ఒక్కో స్వరం. మూడూ కలిసేది జనం చెవుల్లోనే. ఆడంబరం కోసం పేర్చిన యాంప్‌లనుకుని ఏళ్ళ తరబడి పొరబడ్డాను, అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర టూర్ అంటే వేరే కష్టాలు. మాది నలుగురి బ్యాండు. హైదరాబాద్ నుంచి వరంగల్, విజయవాడ, రాజమండ్రి, వైజాగ్. కాలేజీ ఉత్సవాలు, పెళ్ళి సంగీత్‌లు, అప్పుడప్పుడు మా సొంత పాటల కచేరీ. ఒక మే నెలలో విజయవాడలో ఆరుబయట కార్యక్రమం. సాయంత్రం అయిదింటికి సౌండ్ చెక్ చేస్తుంటే నా బూస్టర్ తుస్సుమంటోంది, స్వరం మధ్యలోనే చచ్చిపోతోంది. కేబుళ్ళు మార్చాను, బ్యాటరీ మార్చాను. రాత్రి తొమ్మిదింటికి వేదిక ఎక్కేసరికి దానంతటదే బాగైపోయింది. జెర్మేనియం వేడికి తట్టుకోదు. వేడి పెరిగేకొద్దీ ట్రాన్సిస్టర్‌లో అక్కర్లేని కరెంటు కారుతూ ఉంటుంది, అది పనిచేసే బిందువు జరిగిపోతుంది. లండన్ చలిలో పుట్టిన పెట్టెకి విజయవాడ ఎండ తెలియదు కదా. అప్పటి నుంచి మార్చి నుంచి జూన్ దాకా సిలికాన్ ట్రాన్సిస్టర్‌తో చేసినది వాడుతున్నాను, చలికాలంలో జెర్మేనియం. సిలికాన్‌ది కాస్త కరుకు. దానికి తగ్గట్టు గిటార్ టోన్ గుండీ కొంచెం తగ్గిస్తాను. గొలుసులో ఒకచోట మారితే ఇంకోచోట సర్దుకోవాలి.

ఎర్త్ సంగతి ఇంకా ముఖ్యం. జనరేటర్ మీద నడిచే షామియానా వేదికల్లో ఎర్తింగ్ ఉండకపోవడం మామూలైపోయింది. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లు అక్కడ తుమ్మెదలా రొద పెడతాయి. రొద తగ్గుతుందని ప్లగ్గులోని మూడో పిన్ను పీకేసేవాళ్ళని నా కళ్ళతో చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. గిటార్ తీగల మీద ఒక చెయ్యి, పెదాలకి మైకు, రెండింటి ఎర్త్ వేరువేరు అయితే కరెంటు మీ గుండె మీదుగానే దారి చూసుకుంటుంది. స్టోన్ ది క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే 1972 మేలో వేల్స్‌లోని స్వాన్‌సీలో వేదిక మీదే ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. నేను వేదిక ఎక్కగానే చేసే మొదటి పని టెస్టర్‌తో మైకు జాలీని తాకి చూడడం. నా సామానులో అన్నిటికన్నా చవకైన వస్తువు ఆ టెస్టరే, మొదట సంచీలో పెట్టుకునేదీ అదే.

ఒక కాలేజీలో సౌండ్ చూసే కుర్రాడు మిక్సర్ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ప్లీజ్ అన్నా, యాంప్ తగ్గించు. ఫేడర్ కిందికి లాగేసినా నువ్వే వినిపిస్తున్నవ్, పాట వినిపిస్తలేదు."

"తగ్గిస్తే వాల్వ్ నలగదు తమ్ముడూ, శబ్దమే మారిపోద్ది."

"మరి ఎట్లన్నా?"

యాంప్‌ని వెనక్కి తిప్పి, తెర వైపు పెట్టి, దానికి మైకు పెట్టాం. ఇద్దరికీ సరిపోయింది. ఆ కుర్రాడి మాటలో న్యాయం ఉంది. 1960లో పెద్ద స్పీకర్ల వ్యవస్థ పాటగాడి గొంతుకే సరిపోయేది కాదు, గిటార్ హాలంతా వినిపించాలంటే యాంపే మొయ్యాలి. అందుకే 30 వాట్లు పుట్టాయి. ఇప్పుడు హాలుని నింపే పని మిక్సర్‌ది. కాబట్టి మన వేదికలకి 15 వాట్ల వాల్వ్ యాంప్ చాలు, ఒక్కోసారి 5 వాట్లదీ చాలు. పాత జాబితా చూసి 30 కిలోలు దాటిన యాంప్ కొని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మొయ్యాల్సిన పనిలేదు. షాడోస్‌కి తక్కువైన ఆ 15 వాట్లే ఇప్పుడు మనకి సరిగ్గా కావలసిన కొలత.

మోడలర్ల గురించి అడుగుతారని తెలుసు. అరచేతిలో పట్టేంత పెట్టెలో వందల యాంప్‌ల నకళ్ళు పెట్టి ఇస్తున్నారు. నా దగ్గరా ఒకటుంది, విమానంలో వెళ్ళాల్సిన కార్యక్రమాలకి అదే తీసుకెళతాను. దాన్ని తిట్టేవాళ్ళలో నేను లేను. శబ్దం బాగుంటుంది, మిక్సర్ వాడికి హాయి. నా అభ్యంతరం ఒక్కటే. ఎవరో కూర్చిన అమరికని పేరు చూసి తెరిచి, తన గిటార్ ఏదో, పికప్‌లు ఏమిటో చూసుకోకుండా వాయించడం. వరసగా కలిపిన ట్రైసానిక్‌లకి కుదిరిన బూస్టర్ అమరిక రెండు తీగచుట్టల హంబకర్ పికప్‌లున్న మీ గిటార్‌కి ఎందుకు కుదరాలి? నేను మోడలర్‌లో వాడే అమరిక ఒకే ఒక్కటి. దాని ముందు నా బూస్టర్ నిజంగానే ఉంటుంది, దాని ముందు గిటార్, దాని ముందు పావలా. శుభ్రమైన శబ్దం కావాలంటే కాలితో ఏమీ నొక్కను, గిటార్ వాల్యూమ్ గుండీ సగానికి తిప్పుతాను. బ్రయాన్ మే చేసేదీ అదే. యాంప్ ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది, మృదువుదనం, గర్జన రెండూ గిటార్ మీది ఒక్క గుండీలో ఉంటాయి. ఇది అలవాటవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇదంతా పాశ్చాత్యుల గోల, మనకెందుకు అని మా మేనమామ అంటాడు. ఆయన మృదంగం వాయిస్తాడు. కచేరీకి ముందు ఎడమ వైపు రవ్వ ముద్ద మెత్తడం, రాయీ కర్రా పట్టుకుని శ్రుతి చేసుకోవడం, ఏసీ హాల్లో తోలు బిగుసుకుంటే మళ్ళీ సర్దుకోవడం ఆయన రోజూ చేసే పనులే. నాదం వేళ్ళలోనే ఉందని ఆయన రవ్వ ముద్ద మానేసి ఎప్పుడైనా వేదిక ఎక్కాడా అని నేనడిగాను. "అదెట్లా కుదురుద్దిరా" అన్నాడు. నేను చెప్పేదీ అదే కదా మామయ్యా అన్నాను.

మన దగ్గర ఎలక్ట్రిక్ వాద్యంతో ఈ గొలుసుని పూర్తిగా తనదిగా చేసుకున్న మనిషి ఒకరున్నారు, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కి జంట తీగలుంటాయి. జంట తీగల్ని ఒక్కసారిగా లాగి గమకం పలికించడం కుదరదు, వెంటనే ఆగిపోయే దాని నాదం కర్ణాటక రాగానికి చాలదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని జంటలు వదిలేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. పికప్, యాంప్ ఉండడం వల్ల మెల్లగా మీటినా స్వరం సాగుతుంది, సాగేది కాబట్టి గమకం పడుతుంది. 2014లో ఆయన 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. రాక్ గిటారిస్టుల సామాను గురించి రాస్తూ ఆయన పేరెందుకంటే, వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు విప్పి మళ్ళీ కూర్చుకోవడం ఆ ఇంగ్లండు కుర్రాడు నిప్పుగూడు చెక్కతో చేసిన పనే. పశ్చిమ గోదావరిలో పుట్టిన పిల్లవాడూ అదే చేశాడు.

నా పావలాకి ఒక వైపు గాట్లు అరిగిపోయాయి. ఉక్కు తీగల మీద పదకొండేళ్ళు దొర్లింది మరి. అరిగిన వైపు నెమ్మది పాటలకి వాడుతున్నాను, గాట్లు మిగిలిన వైపు జోరు పాటలకి. పాట మధ్యలో బొటనవేలితో బిళ్ళని తిప్పుకోవడం ఇప్పుడు చేతికి వచ్చేసింది. మూటలో ఇంకా మూడున్నాయి. వాటిలో ఒకటి మా డ్రమ్మర్ కొడుకు అడిగాడు, వాడికి పదమూడేళ్ళు, నాకు తెలియకుండా నా గిటార్ ముట్టుకుంటాడు. ఈ ఆదివారం వాణ్ణి ఇంటికి రమ్మన్నాను. బిళ్ళ ఇచ్చే ముందు బూస్టర్ మూత విప్పి లోపల చూపిస్తాను.